గడిలో పెండ్లి పనులు

దొర పట్నం పారిపోయాక మా ఊరి గడి, కోటలాంటి ఆయన ఇల్లు, కొన్నాళ్ళు ఖాళీగా పడి ఉంది. పోలీస్ యాక్షన్ తర్వాత అందులో పోలీసులు క్యాంపు వేశారు. క్యాంపు అచ్చంపేటకు మారిపోయాక దాన్ని మిషన్ వాళ్ళు కిరాయికి తీసుకున్నారు. ముగ్గురు సిస్టర్లు ఎడ్లబండి మీద వచ్చి దిగి, గచ్చు కడిగించి, బూజు దులిపించి, దిక్కులేని ఆడపిల్లలను చేర్చుకోవడం మొదలుపెట్టారు.

అటువంటి పిల్లలకు కొదువ లేని కాలం అది. దొరల మీద తిరగబడ్డ సంఘంలో చేరి చనిపోయినవాళ్ళ పిల్లలు, రజాకార్లు ఊళ్ళ మీద పడ్డప్పుడు ఒంటరైన పిల్లలు, పోలీస్ యాక్షన్ తర్వాతి రోజుల్లో తండ్రి ఇంటికి తిరిగి రాని ముస్లింల పిల్లలు, అందరూ ఆ గడికే వచ్చారు. తెచ్చిన చుట్టాలు మాత్రం గడప దాటేవారు కాదు. బయటే నిలబడి పిల్లను లోపలికి పంపి, కొంగుతో ముఖం తుడుచుకొని వెళ్ళిపోయేవారు. ఆ గడపలోకి ఇష్టపడి పోయే అలవాటు మా ఊళ్ళో ఎవరికీ లేదు.

నేను ఊరి బడిలో పంతులును. మధ్యాహ్నాలు వచ్చి పిల్లలకు నాలుగు అక్షరాలు చెప్పగలరా అని పెద్ద సిస్టర్ అడిగారు. ఆలోచించి చెప్తానన్నాను. ఇంటికి వచ్చి చెబితే నా భార్య సావిత్రమ్మ, ఆలోచించేదేముంది, పొమ్మంది. ఆ ఏడు వానాకాలంలో మా అమ్మాయి జ్వరంతో పోయింది. మధ్యాహ్నాలు ఇంట్లో కూర్చోవడం ఇద్దరికీ కష్టంగా ఉండేది. ఆ సంగతి ఇక్కడ ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

పెద్ద సిస్టర్ పేరు ఆగ్నెస్. దూరదేశపు మనిషి, చాలా పొడుగు. ఇరవై ఏళ్ళకు పైగా మన దేశంలో ఉండి పుస్తకంలో ఉన్నట్టు తెలుగు మాట్లాడేవారు. వంటిల్లు చూసే సిస్టర్ ఫిలోమినా గుంటూరు వైపు నుంచి వచ్చారు. పెద్ద గొంతు, పెద్ద మనసు. మూడో ఆమె సిస్టర్ లూర్దు, ఇరవై అయిదేళ్ళు ఉంటాయేమో, పిల్లలతో పాటు చెమ్మచెక్కలాడేది. పెద్ద సిస్టర్ చూస్తే ఆపేది. ఆవిడ చూసీ చూడనట్టు వెళ్ళిపోతే మళ్ళీ ఆడేది.

పిల్లల్లో పెద్దది గుర్వమ్మ. పన్నెండేళ్ళది. తల్లి ముందే పోయింది, తండ్రి సంఘంలో తిరిగి అడవిలో పోయాడు. అయిదేళ్ళ చెల్లెలు పోచిని చంకనెత్తుకొని నడిచి వచ్చింది. చేరిన మర్నాటి నుంచి సగం గడి పని తనే చేసేది. జొన్నలు విసిరేది, ఆవును పిండేది, చిన్నపిల్లలకు దెబ్బ తగిలితే పసుపు నూరి కట్టు కట్టేది. తిరగలికి అవతలివైపు ఆమెకు జోడీ రబియా. ఇంటికి తిరిగి రాని కొల్లాపూర్ దర్జీ కూతురు, ఆయన్ను అబ్బా అనేది. రబియాకు విసరడం చేతకాదు, సూది పట్టుకుంటే మాత్రం పెద్దవాళ్ళు కూడా పక్కన నిలబడి చూసేవారు. ఇద్దరూ రోజంతా పోట్లాడుకునేవారు. ఒకరు లేకపోతే మరొకరు అన్నానికి లేచేవారు కాదు.

చలికాలం వెళ్తుండగా గడి పని ఒక్కసారిగా చెడిపోయింది.

మొదట ఆవు పాలు తగ్గాయి. గుర్వమ్మ లేగదూడను కట్టెయ్యడం మరిచిపోయిందన్నారు. మర్నాడూ మరిచిపోయింది. తర్వాత పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. రొట్టెలు ఒకవైపు మాడి, ఇంకోవైపు పచ్చిగా వచ్చాయి. ఊడ్చే పిల్లలు చెత్తను గదిలోకే ఊడ్చారు. పిడకలు కొట్టే పిల్లలు గోడకు కొట్టిన పిడక జారి కింద పడితే దాన్ని చూస్తూ నిలబడ్డారు. బావిలో చేద పడింది, దాన్ని తీయడానికి వేసిన గాలం కూడా పడింది. సిస్టర్ ఫిలోమినా వంటింట్లో నుంచి బావి దగ్గరికి, బావి దగ్గర నుంచి కొట్టంలోకి పరుగెత్తి పరుగెత్తి సాయంత్రానికి గచ్చు మీద కూలబడేవారు.

వీళ్ళకు దిష్టి తగిలిందండీ మాస్టారూ, అన్నారు ఆవిడ ఒక రోజు నాతో. అని, తను అటువంటివి నమ్మకూడదని గుర్తొచ్చి సిలువ గుర్తు వేసుకున్నారు.

దిష్టి పాఠాలకు కూడా తగిలింది. పోచికి 'అ' నుంచి 'ఔ' వరకు నోటికి వచ్చు. ఇప్పుడు అడిగితే గుర్వమ్మ ముఖం చూసి, తెలియదని తల అడ్డంగా ఊపేది. ఒంటి మీది పచ్చ లంగా నిండా మసి. ఆ లంగా మా ఇంటినుంచి వచ్చింది. సావిత్రమ్మ పెట్టె తెరిచి ఇచ్చినప్పుడు నడుం దగ్గర మడతలు పెట్టి కుట్టి పోచికి తొడిగారు. ఎవరికి సరిపోయిందని సావిత్రమ్మ ఒకసారి అడిగింది, చెప్పాను, మళ్ళీ అడగలేదు. పోచి ముఖానికి కూడా మసే. కడుక్కొని రమ్మంటే వెళ్ళి ఇంకాస్త పూసుకొని వచ్చేది.

చెడని పని ఒక్కటే మిగిలింది. రబియా కుట్టు. తెల్లటి ముసుగు అంచుకు సన్నని పూలు కుట్టమని పెద్ద సిస్టర్ ఆమెకిచ్చారు. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి వసారాలో గుర్వమ్మ ఆమెను నిలదీస్తోంది. నన్ను చూడలేదు.

"వంకర కుట్టమన్ననా లేదా?"

"కుట్టిన. సూడబుద్ధి గాలే. ఇప్పేసిన."

"గట్లయితే నిన్నే ముందుగాల తీస్కపోతరు."

"తీస్కపోనీ. గా వంకర కుట్టు మా అబ్బా జూస్తే తిడ్తడు."

గుర్వమ్మ రబియా పక్కన కూర్చొని దారం ఉండ విప్పి ఇచ్చింది. నేను దగ్గినట్టు చేసి లోపలికి నడిచాను.

ఆ రోజు పాఠం అయిపోయి పిల్లలు లేచాక గుర్వమ్మ ఆగిపోయింది. పలక తుడిచింది. తుడిచిన పలకనే మళ్ళీ తుడిచింది. తర్వాత తలెత్తకుండా అడిగింది.

"సారూ, పెండ్లి ఎన్నడు?"

ఎవరి పెండ్లి అన్నాను. లూర్దు సిస్టర్ పెండ్లి అంది. సిస్టర్లకు పెండ్లి ఉండదని చెప్పాను. ఆమె నన్ను జాలిగా చూసింది, తెలిసి కూడా దాస్తున్న మనిషిని చూసినట్టు. కంసాలి వచ్చి లూర్దు సిస్టర్ వేలికి ఉంగరం కొలత తీసుకొని పోయాడట. కొత్త తెల్లచీర వచ్చిందట. తలకు పూల కిరీటం కట్టాలని సిస్టర్ ఫిలోమినా పూలవాళ్ళకు చెప్పిందట. పెద్ద ఫాదర్ వస్తున్నాడట, బెల్లం బుట్టలు దిగాయట, పండుగ అయిన మర్నాడే లూర్దు సిస్టర్ నల్లగొండకు వెళ్ళిపోతోందట. పెండ్లి కాకపోతే ఇదంతా ఏమిటని ఆమె ప్రశ్న. నిజం చెప్పాలంటే, బతుకంతా దేవుడికే అని సిస్టర్లు చివరి వ్రతం తీసుకునేటప్పుడు ఉంగరం పెడతారని, పూల కిరీటం పెడతారని నాకూ అప్పటిదాకా తెలియదు.

"ఆమె పోతే మమ్ముల గూడ ఎంబడి తోల్తరు గద సారూ," అంది.

అప్పుడు నాకు తెలిసింది. మా ప్రాంతపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఇప్పటి పిల్లల కోసం చెప్తున్నాను. దొరల ఇంట ఆడపిల్లకు పెండ్లి చేసి పంపేటప్పుడు చీరలు, గిన్నెలతో పాటు పనికి నలుగురు ఆడపిల్లలను కూడా పంపేవారు. ఆడబాపలు అనేవారు. ముందు కొన్నాళ్ళు గడిలో ఉంచి, తిండి పెట్టి, బట్టలు కుట్టించి, ఎవరి చేతిలో పని ఉందో చూసి ఏరేవారు. ఏరిన పిల్ల మళ్ళీ తల్లి దగ్గరికి వచ్చేది కాదు. గుర్వమ్మ పెద్దమ్మను, అంటే తల్లికి అక్కను, ఇదే గడినుంచి దొర కూతురి వెంట పంపారు. అదీ నల్లగొండ వైపే.

"గామెను గూడ గిట్లనే మంచిగ జూసిండ్రట. దినాం వరన్నం పెట్టిండ్రట. తలకు నూనె రాసిండ్రట. మల్ల మా అమ్మ ఆమె మొఖం జూడలే."

పని రాని పిల్లలను ఎవరూ ఏరరు. అందుకని ఆమె గడిలోని పిల్లలందరికీ పని రాకుండా చేసింది. పోచికి మసి పూసింది కూడా అందుకే. తను పోవలసి వస్తే పోచి ఇక్కడ ఒంటరిగా మిగులుతుంది, ఇద్దరినీ తీసుకుపోతే చెరో ఇంటికి ఇస్తారు. ఏ విధంగా చూసినా చెల్లెలు చెయ్యి జారిపోతుంది. పన్నెండేళ్ళ పిల్ల ఇంత లెక్క వేసుకొని, రాత్రిళ్ళు పోచి లంగా కొసను తన కొంగుకు ముడివేసుకొని పడుకుంటోందని తర్వాత తెలిసింది.

సిస్టర్లు అటువంటివాళ్ళు కాదు, మంచివాళ్ళు, అన్నాను.

"దొరసాని గూడ మంచిదే సారూ," అంది గుర్వమ్మ.

నేను నేరుగా పెద్ద సిస్టర్ గదికి వెళ్ళాను. సిస్టర్ ఫిలోమినా కూడా అక్కడే ఉన్నారు. విన్నది విన్నట్టు చెప్పాను. సగంలోనే సిస్టర్ ఫిలోమినాకు నవ్వు ఆగలేదు. బావిలో పడ్డ చేద, ఉప్పు పప్పు, దూడ తాగిన పాలు, ఒక్కొక్కటీ గుర్తొచ్చి కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వారు. లూర్దుకి పెండ్లికొడుకుని ఎక్కడ చూశారటండీ అని నన్ను అడిగి మళ్ళీ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. ఈ సంగతి పిల్లలకు విడమరిచి చెబితే సరిపోతుందని చెప్పడానికే వెళ్ళాను నేను.

పెద్ద సిస్టర్ నవ్వలేదు. కిటికీలో నుంచి వసారావైపు చూస్తూ కూర్చున్నారు.

"మాస్టరుగారూ, గుర్వమ్మను సిస్టర్ లూర్దు వెంట పంపాలని అనుకున్న మాట నిజమే."

నల్లగొండ దవాఖానలో కట్లు కట్టే పని నేర్చుకుంటుందని అనుకున్నారట. ఆ పిల్ల చేతిలో ఆ గుణం ఉందని సిస్టర్ లూర్దు పదేపదే చెప్పిందట. పోచిని ఇక్కడ సిస్టర్ ఫిలోమినా చూసుకుంటారు. అక్కడివాళ్ళకు కబురు కూడా పంపారు.

దాని మంచికేగదండీ, అన్నారు సిస్టర్ ఫిలోమినా.

"మంచికే. కాని ఆ పిల్లను మనం అడిగామా, సిస్టర్?"

సిస్టర్ ఫిలోమినా నవ్వుకు వచ్చిన కళ్ళనీళ్ళు తుడుచుకున్నారు. 

పెద్ద సిస్టర్ లేచి వసారాలోకి వెళ్ళారు. గుర్వమ్మ ఒక్కతే తిరగలి ముందు కూర్చొని బరకగా విసురుతోంది, కావాలనే. ఆ పొడుగాటి మనిషి మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాస్త అవస్థపడి ఎదురుగా కింద కూర్చున్నారు. తిరగలి పిడికి అవతలివైపు చెయ్యి వేశారు. ఇద్దరూ కొంతసేపు విసిరారు. పెద్ద సిస్టర్ ఎదురు తిప్పుతుంటే గుర్వమ్మ ఓపికగా సరిచేసింది.

పంపాలనుకున్నామని, ఎందుకు అనుకున్నామో, అక్కడ ఏం నేర్పిస్తారో పెద్ద సిస్టర్ అన్నీ దాచకుండా చెప్పారు. నిన్ను అడగకుండా అనుకున్నాము, అది తప్పు, అన్నారు. ఇప్పుడు అడుగుతున్నాను, వెళ్తావా అన్నారు.

"పోను."

"సరే."

"సరే అంటె అయితదా?" అంది గుర్వమ్మ. మాటలు అందరూ చెబుతారనేది ఆమె అభిప్రాయం. ఏం చేస్తే నమ్ముతావని పెద్ద సిస్టర్ అడిగారు. పిల్ల తిరగలి ఆపి కాసేపు ఆలోచించింది. ముందే అనుకున్న మాట కాదు అది, అప్పటికప్పుడు తట్టింది.

"దర్వాజ తాళంచెవి నాకియ్యి. అది నా తాన ఉంటె, నాకు తెల్వకుంట ఎవ్వర్ని తోలరు గద."

గడి తలుపుకు ఒకటే తాళం, జానెడు ఇనుప చెవి. పోలీసులు ఖాళీ చేసి పోయాక పెద్ద సిస్టర్ చేతికి వచ్చినది. ఆవిడ దాన్ని నడుముకు కట్టుకొని తిరిగేవారు. వసారా గుమ్మంలో నిలబడ్డ సిస్టర్ ఫిలోమినా వద్దన్నట్టు చెయ్యి ఊపుతూనే ఉన్నారు. పెద్ద సిస్టర్ ముడి విప్పి, తాడుతో సహా గుర్వమ్మ ఒళ్ళో పెట్టారు. గుర్వమ్మ దాన్ని వెంటనే తీసుకోలేదు. సిస్టర్ ముఖం చూసింది, తలుపు వైపు చూసింది, అప్పుడు నడుముకు కట్టుకుంది. అది ఆమె మోకాలిదాకా వేలాడింది.

ఆ సాయంత్రం దూడను కట్టేశారు. పాలు నిండుగా వచ్చాయి.

తర్వాతి రోజులు సిస్టర్లకు ఎట్లా గడిచాయో వాళ్ళకే తెలియాలి. గుర్వమ్మ ఎవరినీ ఊరికే పోనిచ్చేది కాదు. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తవు అని అడిగి తాళం తీసేది. సిస్టర్ ఫిలోమినా కూరగాయలకు వెళ్ళి వస్తే గంప దించి చూసేది. ఎండలో నిలబెడతావేమే తల్లీ, ఇది నా మఠమే అని ఆవిడ బయటినుంచి అరిస్తే, వస్తున్ననని లోపలినుంచి జవాబు వచ్చేది, మనిషి మాత్రం పోచికి జడ వేయడం పూర్తిచేసి వచ్చేది. నన్ను కూడా సంచీ చూపమంది. అందులో సుద్దముక్కలు చూసి లోపలికి రానిచ్చింది.

పెద్ద ఫాదర్ వచ్చిన రోజు ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. తెల్లగడ్డం, నల్లంగీ, వెనుక సవారీ బండి. గుర్వమ్మ తలుపు సందులో నుంచి చూసి, పెండ్లికి వచ్చినవా అని అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, ఒక రకంగా అంతే అన్నారు. అయితే నువ్వు రా, బండి బయటనే ఉండాలె అంది. బండి బయటే ఉంది. ఎడ్లకు నీళ్ళు కూడా పోచి ముంతతో మోసుకొచ్చి బయటే పెట్టింది.

వ్రతం పండుగ బాగా జరిగింది. పిల్లలందరూ కొత్త లంగాలతో ముందు వరుసలో కూర్చున్నారు. సిస్టర్ లూర్దు తెల్లచీరలో, రబియా కుట్టిన పూల అంచు ముసుగుతో వచ్చి మోకరించింది. పూల కిరీటం పెట్టారు. ఉంగరం తొడిగారు. ఫాదర్ ప్రార్థన మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు పోచి అందరికీ వినపడేలా, పెండ్లికొడుకు ఇంక రాలేదేందని అక్కను అడిగింది. సిస్టర్ లూర్దు భుజాలు కదలడం నేను చూశాను. ఫాదర్ గడ్డం కూడా కదిలింది. ముసుగు అంచు గురించి నలుగురూ అడుగుతుంటే రబియా, ఒక పువ్వు దగ్గర దారం కొంచెం బిగిసిందని, తన అబ్బా అయితే ఇంకా బాగా కుట్టేవాడని చెప్పింది.

మర్నాడు పొద్దున్నే సిస్టర్ లూర్దు ప్రయాణం. బండి తోలే ఇస్రాయేలు మిషన్ మనిషి, ఎప్పుడూ పాట పాడుతూ ఉంటాడు. గుర్వమ్మ అతన్ని పాట ఆపమని, బండిలో పరిచిన గడ్డి ఎత్తమంది. ఎత్తాడు. కింద వంగి ఇరుసు దగ్గర కూడా చూసింది. గడ్డికింద పిల్లలు పడతరా బిడ్డా అని ఇస్రాయేలు అడిగితే, పోచి పడ్తది అంది. తర్వాత రేకు పెట్టె తెరవమంది. సిస్టర్ లూర్దు తనే తెరిచింది. రెండు చీరలు, ప్రార్థన పుస్తకం, పిల్లలు నిన్న దాచి ఇచ్చిన బెల్లం ముక్కలు. బెల్లం చూసి గుర్వమ్మ తిరిగి మూసింది.

ఆమె పిల్లలందరినీ వసారాలో వరుసగా నిలబెట్టింది. ఒక్కొక్కరి తల మీద చెయ్యి వేసుకుంటూ పోయి చివర పోచి దగ్గర ఆగింది. అందరూ ఉన్నారు. అప్పుడు తాళం తీసింది.

బండి గడప దాటాక సిస్టర్ లూర్దు వెనక్కి తిరిగి, గుర్వమ్మా, ఎప్పుడైనా చూడాలనిపిస్తే చూడటానికైనా వస్తావా అని అడిగింది. గొంతులో ఆట లేదు. గుర్వమ్మ తలుపు పట్టుకొని నిలబడింది. బండి ముందుకు సాగింది.

"పోచిని గూడ తోల్కొస్త," అంది అప్పుడు. "సూశి మల్ల ఇంటికొస్తం."

ఇల్లు అని గడిని ఆమె అనగా నేను వినడం అదే మొదలు. పెద్ద సిస్టర్ కూడా విన్నారు. ముక్కు మీది కళ్ళద్దాలు తీసి తుడుచుకొని లోపలికి వెళ్ళారు.

బడివేళ అవుతోందని నేను కూడా బయలుదేరాను. అప్పటికే గుర్వమ్మ తాళం వేసేసింది. తియ్యమన్నాను. జర ఆగమంది. పోచికి ఆకలైతున్నదట, దానికి రొట్టె పెట్టి వచ్చి తీస్తుందట. బడిలో పిల్లలు ఎదురుచూస్తుంటారని చెప్పాను.

"ఏం గాదు సారూ, ఆడుకుంటరు," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను తలుపుకు లోపలివైపు అరుగు మీద కూర్చున్నాను. వసారాలో తిరగలి మొదలైంది. రబియా ఎదురు తిప్పుతోందని గుర్వమ్మ తిట్టడం, నీ రొట్టె నువ్వే తినమని రబియా జవాబు చెప్పడం వినిపించింది. ఎండ మెల్లగా గచ్చు మీదికి వచ్చింది. ఎవరికీ తొందర ఉన్నట్టు లేదు. నాకూ లేదు.